ఆరోగ్యశ్రీ ఉన్నా అడ్వాన్సు అడిగితే?

ప్రశ్న: మా బాపుకు గుండెలో స్టెంట్ వేయాలన్నారు. రేషన్ కార్డుంది. హన్మకొండలో ఓ ప్రైవేటు ఆస్పత్రి ముందే డబ్బు కట్టమంటోంది. ఏం చేయాలి? – ఓ పాఠకుడు, ములుగు

జవాబు: తొందరపడి కట్టకండి. ముందు ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను (ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఉద్యోగి) కలిసి, అక్కడ గుండె చికిత్సకు ఆరోగ్యశ్రీ ఉందో లేదో అడగండి. ఆస్పత్రికి ఆరోగ్యశ్రీ బోర్డు ఉన్నంత మాత్రాన అన్ని విభాగాలకూ వర్తించదు. చాలామంది నష్టపోయేది ఇక్కడే. రేషన్ కార్డు, ఆధార్, యాంజియోగ్రామ్ రిపోర్టు చూపించండి. కార్డులో బాపు పేరు లేకపోయినా, ఆధార్‌లో పేరు వేరేగా ఉన్నా ఫైలు ఆగుతుంది, ఇవ్వాళే సరిచూసుకోండి. స్టెంట్ వేయకముందే ఆరోగ్యశ్రీ నుంచి అనుమతి రావాలి. 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వైద్యం ఉచితం. అయినా అడ్వాన్సు అడిగితే 104కు ఫోన్ చేయండి. ఛాతీనొప్పి వస్తే మాత్రం కాగితాలు వెతుక్కుంటూ కూర్చోవద్దు, వెంటనే 108ని పిలవండి.