వంతెన దాటేటప్పుడు గుంపు మధ్యలో ఉండు

చిన్నీ,

నువ్వూ నీ క్లాసు పిల్లలూ సెప్టెంబర్ 15 స్వాతంత్ర్య దినం సెలవు కలిసొచ్చేలా కోస్టారికా రాజధాని సాన్ హోసే నుంచి పనామా వెళ్తున్నారని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. అక్కడి బోకాస్ దెల్ తోరో దీవుల పేరు వినగానే ఇక నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, టెన్షన్ కొంత. కోస్టారికాలోని తురియాల్బాలో కోకో తెగుళ్ళ మీద పనిచేసిన రోజుల్లో ఆ కరీబియన్ వైపంతా తిరిగినవాణ్ణి. ఇన్నేళ్ళకి మన ఇంటి ఆడపిల్ల ఆ దారిన వెళ్తుంటే గర్వంగా ఉండదూ? విసుక్కోకుండా చివరిదాకా చదువు.

నెల బాగానే ఎంచుకున్నారు. ఆ రోజుల్లో సాన్ హోసేలో మధ్యాహ్నమయ్యేసరికి వాన దంచుతుంది గానీ, కరీబియన్ తీరంలో సెప్టెంబర్, అక్టోబర్లే తెరిపి నెలలు. ఇబ్బందల్లా తీరంలోని లిమోన్ వెళ్ళే 32వ నంబరు రోడ్డుతోనే. కొండచరియలు విరిగిపడి తరచూ మూసేస్తారు. ముందురోజు రాత్రి ఒకసారి, పొద్దున్నే ఒకసారి కనుక్కోండి. మూసేస్తే తురియాల్బా మీదుగా తిరిగి వెళ్ళండి, ఆలస్యమైనా నష్టం లేదు. 14వ తేదీ సాయంత్రం ఆరింటికి దేశమంతా ఆగి జాతీయగీతం పాడుతుంది, పిల్లలు లాంతర్లు పట్టుకుని వీధుల్లోకి వస్తారు. అది చూడకుండా మాత్రం వెళ్ళకు. మర్నాడు తెల్లారకుండానే, ఊరేగింపులు మొదలవకముందే బస్సెక్కండి.

డాలర్లు చిన్న నోట్లుగా పెట్టుకో. పనామాలో కాగితం డబ్బు డాలరే. బోకాస్‌లో కుళాయి నీళ్ళు తాగొద్దు. పనామా టైము కోస్టారికా కన్నా గంట ముందు, అల్మిరాంతె రేవులో దీవులకి బోటు దొరకాలంటే ఆ గంట కలుపుకుని లెక్కేసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. సరిహద్దు దగ్గర సిక్సావోలా అనే నది ఉంది. ఇటు కోస్టారికా వైపు ఊరు కూడా సిక్సావోలాయే, అటు పనామా వైపు గ్వాబితో. ఇప్పుడు కొత్త వంతెన కట్టారు. మా రోజుల్లో అరటి కంపెనీల కాలం నాటి పాత రైలు వంతెన ఉండేది. పట్టాల పక్కన చెక్కలు పరిచి ఉండేవి, అక్కడక్కడా చెక్క ఊడిపోయి కింద బురద నీళ్ళు కనిపించేవి. ఇటు దేశం విడిచినట్టు ముద్ర వేయించుకుని, వంతెన నడిచి దాటి, అటు ప్రవేశ ముద్ర వేయించుకోవాలి. స్థానికులు మాత్రం సంతకి వెళ్ళొచ్చినట్టు అటూ ఇటూ తిరిగేవాళ్ళు.

మా దగ్గర శిక్షణకి మన జిల్లా కుర్రాడొకడు వచ్చాడు. తోటివాళ్ళతో కలిసి నీలాగే సెలవుకి బోకాస్ బయల్దేరాడు. వంతెన మీద పొడుగు గౌను వేసుకున్న ఒక న్గాబె తెగ ముసలావిడ అరటికాయల మూట మొయ్యలేకపోతోందట. వీడు అందుకున్నాడు. మంచి పిల్లాడు. ఆవిడ వెనకే నడిచి, మూట దించి, అక్కడే పిలుస్తున్న వ్యాను ఎక్కేశాడు. ముద్ర ఊసే గుర్తులేదు. ముద్రలు వేయించుకుని వచ్చినవాళ్ళూ వాణ్ణి అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు గ్వాబితోలో అధికారి పాస్‌పోర్టు తిరగేశాడు. కోస్టారికా విడిచినట్టు ముద్ర ఉంది, పనామాలో అడుగుపెట్టినట్టు లేదు. దగ్గర్లోని చాంగినోలా పట్నం వెళ్ళి ఆఫీసులో సరిచేయించుకు రమ్మన్నాడు. ఆదివారం, ఆఫీసు లేదు. అప్పుడు తోటివాళ్ళు ఏం చేశారో తెలుసా? బస్సు పోతుందని, పొద్దున్నే క్లాసు ఉందని వాణ్ణి అక్కడే వదిలేసి వచ్చేశారు. ఒక్కడు కూడా ఆగలేదు.

వాడు రాత్రి పబ్లిక్ ఫోన్ నుంచి చేశాడు. గొంతు వణుకుతోంది. తెల్లవారుజామునే బయల్దేరి వెళ్ళేసరికి గ్వాబితోలో ఒక కొట్టు అరుగు మీద బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కొట్టావిడ కొబ్బరిపాలతో వండిన అన్నం పెట్టింది, ముద్ద ముట్టలేదు. నన్ను చూశాక తిన్నాడు. చాంగినోలాలో జరిమానా కట్టించి, ముద్ర వేయించి తీసుకొచ్చాను. మర్చిపోయినందుకు వాణ్ణి ఒక్క మాట అనలేదు. వదిలేసి వచ్చినవాళ్ళని మాత్రం పిలిచి గట్టిగా తిట్టాను. ఇప్పుడు తలుచుకున్నా ఆ కోపం తగ్గదు.

అందుకే చెబుతున్నా. క్యూలో ఎప్పుడూ చివర నిలబడకు, గుంపు మధ్యలో నిలబడు. నీ అమెరికన్ స్నేహితుల పాస్‌పోర్టు వేరు, నీది వేరు. వాళ్ళని నిమిషంలో పంపేస్తారు, నిన్ను నాలుగు ప్రశ్నలు అడుగుతారు. వెనక నీవాళ్ళు ఉంటే నీకు ధైర్యం, అవతలివాడికీ తొందర ఉండదు. అమెరికా వీసా ఉంటే పనామాకి విడిగా అక్కర్లేదని ఎవరో అన్నారట. పాస్‌పోర్టులో అంటించిన వీసా గడువు చూసుకో, మల్టిపుల్ ఎంట్రీయేనా చూసుకో. అమెరికా కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం వీసా కాదు, అది చూపించి గట్టెక్కుదామనుకోకు. తిరిగి కోస్టారికాలోకి రావడానికి ఏం చూపించాలో కూడా ఇప్పుడే తేల్చుకో. పనామా ఎంబసీ సాన్ హోసేలోనే ఉంది. ఈ వారమే స్వయంగా వెళ్ళి అడుగు, స్నేహితుల మాట మీద బయల్దేరకు. పాస్‌పోర్టు పోతే మన ఎంబసీ ఉన్నది పనామా సిటీలో, బోకాస్ నుంచి అది చాలా దూరం.

ఇంకొక్క భయం, సముద్రం. బాస్తిమెంతోస్ దీవి బయటివైపు తీరాల్లో లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. లాగితే ఒడ్డుకి ఎదురీదొద్దు, ఒడ్డు వెంబడే పక్కకి ఈది బయటపడాలి. ఈత రానివాళ్ళు మోకాలి లోతు దాటొద్దు. నీకు బాపట్ల తీరంలో నేర్పించిన ఈత అక్కడికి చాలదు తల్లీ. బోటులో లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకు, ఎవరు నవ్వినా సరే.

ఆ దీవిలోనే బొటనవేలి గోరంత ఎర్రకప్పలు ఆకుల మధ్య కూర్చుని ఉంటాయి. విషం వాటికి, ముట్టుకోకు, కానీ వంగి తప్పకుండా చూడు. ఒక్కో దీవిలో ఒక్కో రంగు. నీకు చిన్నప్పుడు పొలంలో కప్పలంటే ఎంత ఇష్టమో నాకు గుర్తుంది. దారిలో అరటి తోటల్లో గెలలకి నీలం ప్లాస్టిక్ సంచులు తొడిగి ఉంటాయి, ఎందుకో అక్కడి మనిషినే అడుగు, స్పానిష్ కూడా వస్తుంది.

రెండు వైపుల ముద్రలూ పడగానే ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. వెళ్ళేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు. మనకి అర్ధరాత్రైనా ఫర్వాలేదు, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న