మేడ మీద మడిలో మొదటి విత్తులు

చిన్నీ,

మేడ మీద కట్టించిన మడి ఫొటో చూశాను. నాలుగడుగుల చదరం, అడుగు లోతు. దాన్ని సరిగ్గా దూలం మీదికి వచ్చేలా పెట్టించావు, మంచి పని. అందులో ఉత్త మట్టే నింపి తడిపితే బరువు అరటన్ను దాటుతుంది. కాబట్టి ఎర్రమట్టి మూడో వంతు చాలు. మిగతాది మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు. రెండు గుప్పెళ్ళ వేపపిండి కూడా కలుపు. ఎరువులో ఇంకా పేడ వాసన వస్తుంటే అది మాగలేదన్నమాట, మొలకల్ని మాడ్చేస్తుంది.

తెచ్చిన ప్యాకెట్లన్నీ ఈ ఆదివారమే చల్లేస్తానన్నావు. వద్దమ్మా. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఇది. హైదరాబాద్ ఎండకి మేడ మీద పైమట్టి చూస్తుండగానే ఆరిపోతుంది. గింజ పగిలి వేరు బయటపెట్టాక ఒక్కపూట తడి లేకపోయినా మొలక పోయినట్టే. జూన్ రెండో వారానికి మృగశిర వచ్చేస్తుంది. నాలుగు చినుకులు పడి మేడ చల్లబడ్డాక మొదలుపెట్టు.

ఈలోగా గింజల్ని పరీక్షించు. ప్యాకెట్ వెనక గడువు తేదీ, మొలక శాతం ఉంటాయి. బెండకు 65, మిరపకు 60 శాతం మొలిస్తే చాలన్నది ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. అంటే మంచి ప్యాకెట్లో కూడా మూడింట ఒక గింజ మొలవకపోవచ్చు, దానికి టెన్షన్ పడకు. పాత గింజలైతే ఒక పదింటిని తడిగుడ్డలో మూటకట్టి వారం చూడు. సగం కూడా మొలవకపోతే పారేయడమే. గులాబీ రంగు పూసిన గింజలు ఉంటాయే, ఆ రంగుతో పాటు మందు కూడా ఉంటుంది. బుడ్డోడి చేతికి అందనివ్వకు, ముట్టుకున్నాక చేతులు కడుక్కో.

మెంతులకీ ధనియాలకీ ప్యాకెట్ కొనడం దండగ, పోపుల డబ్బాలోవి చాలు. ధనియాలు మాత్రం అలాగే చల్లకు. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. నేల మీద పోసి అప్పడాల కర్రతో మెల్లగా రెండు బద్దలయ్యేలా దొర్లించి, రాత్రంతా నానబెట్టి చల్లు. అయినా మొలక కనపడడానికి పది రోజులు పడుతుంది. మెంతి నాలుగో రోజుకే లేచి కూర్చుంటుంది, కొత్తవాళ్ళకి ధైర్యం రావాలంటే అదే మందు.

ఇక విత్తేటప్పుడు చాలామంది గింజని మరీ లోతుగా పాతేస్తారు. గింజ మందానికి రెండింతల మట్టి పైన ఉంటే చాలు. బెండకి వేలి మొదటి కణుపు సగం దాకా గుచ్చి, అడుగు దూరానికి రెండేసి గింజలు వెయ్యి. తోటకూర విత్తనం ఆవగింజకన్నా సన్నం, ఉత్త చేత్తో చల్లితే ఒకచోటే కుప్ప పడుతుంది. చిటికెడు గింజల్ని గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన మట్టిని జల్లెడతో జల్లించు, గింజలు మరుగైతే చాలు. చెంబుతో నీళ్ళు కుమ్మరించావో, గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి. నీళ్ళ సీసా మూతకి కాల్చిన సూదితో పది చిల్లులు పెట్టి దాంతో చిలకరించు. పైన తడి గోనెపట్టా కప్పు, పావురాల బెడద కూడా తప్పుతుంది. మొదటి మొలక తల ఎత్తిన పూటే పట్టా తీసెయ్యాలి. ఒకరోజు ఆలస్యమైనా కాడలు పాలిపోయి, సాగి, పడిపోతాయి. మడి చుట్టూ కాస్త పసుపు చల్లు, లేకపోతే తోటకూర గింజల్ని చీమలు మోసుకుపోతాయి.

నీళ్ళు పొద్దున్నే పొయ్యి. రాత్రంతా మట్టి తడిగా ఉంటే మొలక మొదలు దగ్గర కుళ్ళి వాలిపోతుంది. ముసురు పట్టినప్పుడు అసలు పోయొద్దు. వేలు పెట్టి చూసి, లోపల ఆరితేనే.

మొలిచినవన్నీ ఉంచాలనిపిస్తుంది, అక్కడ మనసు గట్టి చేసుకో. బెండలో బలమైనది ఒకటుంచి రెండోదాన్ని మొదలు దగ్గర కత్తిరించు. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. తోటకూర ఒత్తుగా ఉన్నచోట పీకినవి పప్పులో వేసుకోండి, అంత లేత ఆకు బజార్లో దొరకదు.

వంగ, టమాటా, మిరప ఈ మడిలో విత్తకు. విడిగా ట్రేలో నారు పోసి, నాలుగైదు ఆకులొచ్చాక నాటుకో. టమాటా, వంగకి నెల చాలు, మిరపకి ఇంకో వారం పది రోజులు పడుతుంది. క్యారెట్, ముల్లంగి అక్టోబర్ దాకా పక్కన పెట్టు. వాటికి నారు పనికిరాదు, విత్తినచోటే పెరగాలి.

పందిరి చిక్కుడు గింజలు నా దగ్గరున్నాయి. జులైలో పెడితే పగటి పొద్దు తగ్గాకే పూత పట్టి, సంక్రాంతి ముందు నుంచి కాస్తుంది. అందాకా తీగ ఊరికే పాకుతోందని పీకెయ్యకు. వచ్చే నెల మీ అమ్మ అటు వస్తోందిగా, తనతో పంపిస్తాను. ఆలోపు పిట్టగోడ వైపు రెండు కర్రలు పాతించు.

మామయ్య