రాయిని తిరగేసి చూడు తల్లీ

చిరంజీవి అమ్మడికి,

పెద్దనాన్న ఆశీస్సులు. నీకు అమెరికాలోని బోజ్‌మన్‌లో సీటు వచ్చిందని, జూన్ నుంచే గాలటిన్ లోయలో నేలల సర్వే పనికి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్లు ఆ లోయలో గుంతలు తవ్వినవాణ్ని. ఆ నేలను ఎలా చూడాలి అని నువ్వు అడిగావట. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ చోటు సంగతి. మోంటానా రాష్ట్రంలో, సముద్రమట్టానికి దాదాపు 1,460 మీటర్ల ఎత్తున ఉంటుంది బోజ్‌మన్. దక్షిణాన గాలటిన్ కొండలు, ఈశాన్యాన బ్రిడ్జర్ కొండలు. ఆ కొండల్లోంచి దిగిన వాగులు వేల ఏళ్లుగా రాళ్లను దొర్లించుకుంటూ వచ్చి లోయంతా పరిచాయి. వాటి మీద సన్నమట్టి పేరుకుంది, దాని మీద గడ్డి మొలిచింది. లోయలో చాలాచోట్ల నీకు కనిపించేది ఇదే: పైన జానెడో మూరెడో నల్లమట్టి, దాంట్లో గులకరాళ్లు, కింద వట్టి కంకర.

నల్లగా ఉందని మోసపోకు. మనకు నల్లనేల అంటే రేగడి. వానకు చెప్పులకు అంటుకుంటుంది, ఎండకు నెర్రెలిస్తుంది, నీళ్లు పట్టి ఉంచుతుంది. మన చల్క ఎర్రగా ఉంటుంది, నీళ్లు నిలవవు. ఈ లెక్క చిన్నప్పటి నుంచి మన ఒంట్లో ఇంకిపోయింది. నేను వెళ్లిన మొదటి ఏడాది ఒక గడ్డిభూమి రైతు పొలంలో పైమట్టి చూసి, "మీకు నీళ్ల టెన్షన్ ఉండదు" అనేశాను. జూలై మూడో వారానికి ఆయన గడ్డి ఎండిపోయింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అక్కడి నలుపు బంకమట్టిది కాదు, గడ్డివేళ్లది. బ్లూబంచ్ వీట్‌గ్రాస్, ఐడహో ఫెస్క్యూ అని అక్కడ సహజంగా పెరిగే గడ్డి జాతులు ఉంటాయి. పైన కనిపించే దానికంటే నేల లోపలే వాటి సంపద ఎక్కువ. ఏటా కొన్ని వేళ్లు చచ్చి మట్టిలో కలుస్తాయి. చలికి సూక్ష్మజీవులు మెల్లగా పనిచేస్తాయి కాబట్టి ఆ కుళ్లిన పదార్థం త్వరగా కరిగిపోదు, పోగవుతుంది. అర మీటరు లోతున ఆ నేల ఏడాది సగటు ఉష్ణోగ్రత 8 డిగ్రీల లోపే, మన వైపు అదే లోతులో 22 దాటుతుంది. మన రేగడి ఎంత నల్లగా ఉన్నా చాలాచోట్ల సేంద్రియ కర్బనం ఒక శాతం కూడా ఉండదు. రంగు ఒకటే, కారణాలు వేరు. ఇలాంటి గడ్డినేలల్ని మీ పుస్తకాల్లో మాలిసాల్స్ అంటారు. మన్సెల్ రంగుల పుస్తకంతో పోల్చేటప్పుడు మట్టిని తడిపి చూడు, ఎండలో నిలబడి చూడు, చలువ కళ్లద్దాలు తీసేసి చూడు.

ఇక రాళ్ల లెక్క. నీ పనిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. 2 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగనిది రాయి, దిగినది మట్టి. మొత్తం ఘనపరిమాణంలో రాళ్లు 15 నుంచి 35 శాతం ఉంటే గులక నేల, 35 నుంచి 60 ఉంటే బాగా గులక నేల, అంతకు మించితే మరీ గులక నేల. ఘనపరిమాణం అన్నాను, బరువు అనలేదు. రాయి మట్టికంటే బరువు. బరువులో సగం రాళ్లున్నా, అవి ఆక్రమించే చోటు మూడో వంతే. నేను ఒక సీజనంతా బరువు శాతాన్నే రాసేసి, మామూలు గులక నేలల్ని బాగా గులక నేలలుగా చూపించాను. ఆ షీట్లన్నీ మళ్లీ రాయాల్సి వచ్చింది.

కంటి అంచనా కుదిరేదాకా ఇలా చెయ్యి. అడుగు వెడల్పున చిన్న గుంత తవ్వి, తీసిన మట్టి మొత్తం ఒక పట్టా మీద పోసుకో. గుంతలో పలుచటి ప్లాస్టిక్ కవరు పరిచి, అంచుదాకా నీళ్లు పోసి ఎన్ని లీటర్లు పట్టాయో రాసుకో. మట్టిని జల్లించి, మిగిలిన రాళ్లను కడిగి, గీతలున్న బకెట్ నీళ్లలో వేసి నీటిమట్టం ఎంత పెరిగిందో చూడు. గుంతకు 8 లీటర్లు పట్టి, రాళ్లు 3.2 లీటర్లు లేపితే 40 శాతం. పది గుంతలకు ఈ పని చేస్తే నీ కన్ను దానంతట అదే కుదురుతుంది.

ఇంత తాపత్రయం ఎందుకంటే, లాబ్‌వాళ్లు రాళ్లను పారేసి మట్టినే పరీక్షిస్తారు. సేంద్రియ పదార్థం 3 శాతం అని రిపోర్ట్ వస్తే అది జల్లెడ కిందికి దిగిన మట్టి సంగతి. 40 శాతం రాళ్లున్న చోట ఎకరాకు లెక్క వేసేటప్పుడు అందులో 60 శాతమే తీసుకోవాలి. నీళ్లకూ అంతే. రాళ్లులేని లోమ్ నేల (ఇసుక, ఒండ్రు, బంకమట్టి కలిసిన నేల) 30 సెంటీమీటర్ల లోతులో మొక్కకు అందే నీళ్లు దాదాపు 5 సెంటీమీటర్లు దాచుకుంటుంది. సగం రాళ్లయితే రెండున్నరే. జూలై ఎండలో పచ్చిగడ్డి రోజుకు 5, 6 మిల్లీమీటర్లు తాగేస్తుంది. అంటే ఐదు రోజులకు మించి రావు. ఆ రైతుకు నేను చెప్పాల్సింది ఇదీ: స్ప్రింక్లర్‌తో కొంచెం కొంచెంగా, తరచుగా పెట్టుకోండి, ఒకేసారి పారిస్తే నీళ్లూ ఎరువూ కంకరలోకి దిగిపోతాయి అని.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన విషయం. గుంత గోడలోంచి ఒక గులకరాయిని ఊడదీసే ముందు పైభాగం ఎటుందో గోరుతో గుర్తు పెట్టుకో. తీసి తిరగేయి. చాలాచోట్ల అడుగున తెల్లటి పొర ఉంటుంది, సున్నం పూసినట్టు. దిగుతున్న నీటిచుక్క రాయి అడుగున వేలాడి, అక్కడే ఆరి, సున్నాన్ని వదిలిపోయింది. పలుచటి ఆసిడ్ చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. ఆ తెల్లపూత ఎంత లోతులో మొదలైతే మామూలు ఏడాదుల్లో నీళ్లు అంతదాకా దిగుతున్నాయని నేను నోట్ చేసుకునేవాణ్ని. పూత రాయి పైభాగాన కనిపిస్తే ఆ రాయి ఎప్పుడో కదిలింది. ఎలుక జాతి తవ్విందేమో, గతంలో ఎవరైనా దున్నారేమో, చుట్టూ చూడు. రాళ్లు నున్నగా గుండ్రంగా ఉంటే ఏరు తెచ్చినవి, మొనలు పదునుగా ఉంటే పక్క కొండ నుంచి జారినవి.

నీళ్లు బాగా దిగే నేల అనడానికి, నీళ్లు నిలిచే చోట వచ్చే తుప్పు మచ్చలు, బూడిదరంగు మరకలు లేవని చూసుకోవాలి. ఏటిగట్టు దగ్గర పల్లంలో అవి కనిపిస్తాయి, అక్కడ నేల పేరే మారిపోతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఆ లోయలో ఇళ్లు పెరుగుతున్నాయి, చాలామంది సెప్టిక్ ట్యాంకు పెట్టుకుంటారు. నీళ్లు చకచకా దిగుతున్నాయి కాబట్టి మంచి చోటు అనుకుంటారు. కంకర వడకట్టదు తల్లీ. మురికి అంతే వేగంగా కింది నీళ్లలో కలుస్తుంది, అవే నీళ్లు పక్కింటి బోరులోంచి పైకి వస్తాయి. ఎవరైనా అడిగితే మొహమాటపడకుండా చెప్పు.

సామాను ఎక్కువ వద్దు. బరమా దింపితే రాయి తగిలి ఆగిపోతుంది, దాన్ని నమ్ముకోకు. గడ్డపార, పొడుగు పార, తాపీ, జల్లెడ చాలు. తవ్వే ముందు భూమి యజమానిని అడుగు, 811కి ఫోన్ చేసి గ్యాస్ పైపులూ కేబుళ్లూ గుర్తు పెట్టించుకో. కొండ అంచున పనైతే ఎలుగుబంట్లను తరిమే బేర్ స్ప్రే నడుముకే ఉండాలి, బ్యాగులో కాదు. జూన్‌లో కూడా మంచు పడొచ్చు, స్వెట్టర్ మర్చిపోకు. గుంత పూడ్చేటప్పుడు కంకర ముందు, నల్లమట్టి ఆ తర్వాత, తీసిన గడ్డిపెళ్ల చివర్న.

మొదటి గుంత ఫోటో నాకు పంపు. పక్కన టేపు కనిపించాలి. తిరగేసిన రాయి ఫోటో కూడా ఒకటి, ఎంత లోతులో తీశావో కింద రాసి.

ఇట్లు,
నీ పెద్దనాన్న