చాఫ్ కట్టర్ దగ్గర పిల్లలు: ‘చూస్తూనే ఉన్నా కదా’ అంటే సరిపోతుందా?

ప్రశ్న: మాది సిద్దిపేట జిల్లాలో చిన్న ఊరు. ఆరు బర్రెలున్నాయి. నాలుగు నెలల కింద మోటారుతో నడిచే చాఫ్ కట్టర్ (గడ్డిని ముక్కలు చేసే మిషన్) కొన్నాం. మా బాబుకు నాలుగున్నరేళ్లు, పాపకు తొమ్మిది. సాయంత్రం మావారు సూపర్ నేపియర్ గడ్డి కట్ చేస్తుంటే బాబు పక్కనే నిలబడి ఒక్కో గడ అందిస్తాడు. వద్దంటే ఏడుపు. పక్క ఊళ్లో ఒక పాపకు ఇలాంటి మిషన్‌లోనే రెండు వేళ్లు తెగిపోయాయని విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. మావారు మాత్రం ‘నేను చూస్తూనే ఉన్నా కదా, ఏం కాదు’ అంటారు. పిల్లల్ని ఏ వయసు నుంచి దగ్గరికి రానివ్వొచ్చు? ఏదైనా జరిగితే వెంటనే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ భయంలో అతి ఏమీ లేదమ్మా. మీవారు చెప్పింది కూడా అబద్ధం కాదు, ఆయన నిజంగానే చూస్తూ ఉంటారు. కాకపోతే ఎటు చూస్తున్నారన్నదే ప్రశ్న. గడ్డి రోలర్లలోకి తిన్నగా పోతోందా, మోపులో తాడు ముక్కేమైనా ఉండిపోయిందా, కట్ అయిన గడ్డి అటువైపు సరిగ్గా పడుతోందా అని చూస్తుంటారు. చేతులు రెండూ గడ్డి మీదే ఉంటాయి. ఆ మోతలో పిల్లాడు పిలిచినా వినపడదు. మిషన్ నడిపే మనిషి అదే సమయంలో పిల్లాడికి కాపలా కాయలేడు. చేయి పోయిన పిల్లల్ని ఆస్పత్రికి ఎత్తుకొచ్చిన తండ్రుల్లో చాలామంది నాతో అన్న మొదటి మాట ‘నేను అక్కడే ఉన్నా సార్’ అనే.

చాఫ్ కట్టర్ అనగానే అందరూ బ్లేడుకు భయపడతారు. ముందు పట్టుకునేది బ్లేడు కాదు, రోలర్లు. పళ్లున్న ఆ రెండు రోలర్లను పెట్టిందే దొరికినదాన్ని లోపలికి లాక్కోవడానికి. వాటికి గడ్డికీ వేళ్లకీ తేడా తెలియదు. ఇక మీ బాబు నిలబడే తీరు ఊహించుకోండి. రోలర్ల ఎత్తు దాదాపు అతని ఛాతీ దగ్గరికో, మొహం దగ్గరికో వస్తుంది. నేపియర్ గడ అతనికంటే పొడుగు. ఒక చివర రోలర్లకు అందగానే గడ జర్రున కదులుతుంది. పెద్దవాళ్లయితే ఆ క్షణంలో వదిలేస్తారు. నాలుగేళ్ల పిల్లాడు వదలడు. చేతిలో ఉన్నదాన్ని ఎవరైనా లాక్కుంటుంటే గట్టిగా పట్టుకోవడమే ఆ వయసుకు తెలిసిన పని. చెప్పి మాన్పించేది కాదది.

రెండో సంగతి, ఆ పెద్ద చక్రం. అది బరువుగా ఉండబట్టే ఒకే ఊపులో గడ్డి తెగుతుంది. ఆ బరువు వల్లే స్విచ్ ఆపినా వెంటనే ఆగదు. ఈ సాయంత్రం ఒక పని చేయండి. పిల్లల్ని ఇంట్లో ఉంచి, మీవారిని మిషన్ ఆపమని, చక్రం పూర్తిగా నిలిచేదాకా మీరు అంకెలు లెక్కపెట్టండి. ‘ఏదైనా అయితే టక్కున ఆపేస్తా’ అనే ధీమా ఎంతవరకు పనికొస్తుందో ఆయనకే తెలుస్తుంది.

మూడోది చాలామందికి తట్టదు. పని మధ్యలో కరెంటు పోతుంది. మిషన్ ఆగుతుంది కాబట్టి స్విచ్ సంగతి మర్చిపోయి టీ తాగడానికి వెళ్తాం. ఆగిపోయిన మిషన్ పిల్లలకు ఆటవస్తువు. ఇరుక్కున్న గడ్డిని పీకుదామని పాప చెయ్యి పెడుతుంది. అప్పుడు కరెంటు వస్తుంది. మీకు స్టార్టర్ లేకుండా ప్లగ్గుతోనో మామూలు స్విచ్‌తోనో నడుస్తుంటే, కరెంటు రాగానే మిషన్ తనంతట తానే తిరుగుతుంది. అందుకే కరెంటు పోగానే ముందు ప్లగ్ పీకాలి, ఆ తర్వాతే టీ. మీ మిషన్‌కు చేత్తో తిప్పే పిడి కూడా ఉంటే అసలు కరెంటే అక్కర్లేదు. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు గడ్డి పెట్టడం పిల్లలు మధ్యాహ్నం పూట ఆడుకునే ఆటే. చక్రం చువ్వల్లోంచి గొలుసు వేసి స్టాండుకు కలిపి తాళం వేయండి. తాళంచెవి కొట్టంలో కాకుండా ఇంట్లో మేకుకు వేలాడాలి.

పక్క ఊళ్లో జరిగిందని మీరు రాశారు కానీ ఇది ఒక్క ఊరి కథ కాదు. పంజాబ్, హరియాణా, యూపీల్లో చేత్తో తిప్పే మిషన్ల కాలం నుంచీ పిల్లల వేళ్లు పోతూనే ఉన్నాయి. ఢిల్లీ ఐఐటీలో పనిచేసిన దినేశ్ మోహన్ బృందం దీని మీద ప్రత్యేకంగా పనిచేసింది. రోలర్ల ముందు చేతికి తగిలి హెచ్చరించే ఇంకో చిన్న రోలర్, బ్లేడుకు కవరు లాంటి మార్పులు సూచించింది. పవర్ థ్రెషర్లలాంటి యంత్రాల వల్ల చేతులు పోతున్నాయనే కేంద్రం 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. అయినా మన దగ్గర కొన్న వారానికే ‘అడ్డమొస్తోంది’ అని బెల్టు మీది కవరు విప్పి గోడకు ఆనిస్తారు. మీది ఎక్కడుందో చూడండి. ఉంటే ఇవాళే బిగించమనండి. లేకపోతే ఊళ్లో వెల్డింగ్ షాపులో బెల్టుకు, చక్రానికి జాలీ కవరు చేసిస్తారు. గడ్డి పెట్టే ట్రే పొడుగ్గా ఉండి, రోలర్ల వైపు సగం దాకా పైన మూత ఉంటే పెద్దవాళ్ల చేతులకూ రక్షణే.

ఏ వయసు అని అడిగారు. చాఫ్ కట్టర్ విషయంలో నా జవాబు 18. అంతకుముందు పక్కన నిలబడటం, గడ అందించడం, స్విచ్ వేయడం ఏదీ వద్దు. ఇంతకంటే తక్కువ ప్రమాదమున్న యంత్రాలకే బయట ఎంత కచ్చితంగా ఉంటారో చూడండి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం పచ్చిక కోసే మిషన్లలో నెట్టుకుంటూ నడిపే లాన్ మోవర్‌కు కనీసం 12 ఏళ్లు, మీద కూర్చుని నడిపేదానికి 16 ఏళ్లు నిండాలంటుంది. ఈ పేజీ చదివే డాలస్, న్యూజెర్సీ తెలుగువాళ్లకూ ఒక మాట. రైడింగ్ మోవర్ మీద పిల్లాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటో దిగకండి. ఒకసారి ఎక్కించుకుంటే, మర్నాడు ఆ మోత వినగానే వాడు పరుగెత్తుకొస్తాడు. మీరేమో అప్పుడు రివర్స్‌లో ఉంటారు.

మరి ఏడుపు సంగతి? ‘వద్దు’ అని ఊరుకుంటే పని జరగదు, వాడికి నాన్న దగ్గర ఉండాలని ఉంది. కాబట్టి పనిని మార్చండి. మిషన్ ఆగి, ప్లగ్ తీశాక, కట్ చేసిన గడ్డిని చిన్న బుట్టలో దూడకు వేసే డ్యూటీ వాడిది. అప్పటిదాకా ఇంటి దగ్గర మీతోనో నానమ్మతోనో ఉండాలి. కుదిరితే పిల్లలు బడికి వెళ్లినప్పుడే రెండు పూటలకూ సరిపడా కట్ చేసుకోవడం ఇంకా మేలు. నేల మీద సున్నంతో గీత గీసి ‘ఇది దాటొద్దు’ అంటే తొమ్మిదేళ్ల పాప వింటుంది, బాబు వినడు. బాబుకు గేటు కావాలి, గడియ వాడికి అందని ఎత్తులో ఉండాలి. పాపకు జడ ముడేసుకోవడం, చున్నీ వేసుకుని కొట్టంలోకి వెళ్లకపోవడం కూడా నేర్పండి. బెల్టులో జుట్టు చుట్టుకుంటే తలమీది చర్మం మొత్తం ఊడొచ్చే ప్రమాదముంది. అది మీక్కూడా వర్తిస్తుంది, చీర కొంగు దోపుకుని వెళ్లండి.

మీరు అడగలేదు కానీ పొలం దగ్గర మిగతా మిషన్ల గురించి నాలుగు మాటలు. చేత్తో పట్టుకుని గడ్డీ కలుపూ కోసే బ్రష్ కట్టర్ నడుస్తుంటే చుట్టూ 15 మీటర్లలోపు ఎవరూ ఉండకూడదని దాని మాన్యువల్‌లోనే ఉంటుంది. బ్లేడు కాలికి తగులుతుందని మాత్రమే కాదు, అది విసిరే రాయి కంటికి తగులుతుందని. ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద పిల్లల్ని కూర్చోబెట్టొద్దు, వెనక మట్టిని తిరగేసే రోటవేటర్ ఉంటే అసలే వద్దు. పడితే ట్రాక్టర్ చక్రం కింద, లేదా రోటవేటర్ కింద. ట్రాక్టర్ ఇంజన్ నుంచి వెనక మిషన్‌ను తిప్పే పీటీవో షాఫ్ట్ (ఇనుప కడ్డీ) నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. లుంగీ అంచు చిక్కితే అరిచే లోపే మనిషిని చుట్టేస్తుంది.

వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించేది కూల్‌డ్రింక్ సీసా. బ్రష్ కట్టర్‌కో, పవర్ స్ప్రేయర్‌కో పెట్రోల్‌లో టూటీ ఆయిల్ కలిపి మిగిలింది ఆ సీసాలోనే పోసి గట్టు మీద పెడతారు. రంగు చూడటానికి షర్బత్‌లాగే ఉంటుంది. ఎండలో ఆడొచ్చిన పిల్లాడు ఒక గుటక వేస్తాడు. అలా జరిగితే ఉప్పునీళ్లు తాగించి గానీ, గొంతులో వేలు పెట్టి గానీ కక్కించకండి. కక్కేటప్పుడే పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అసలు ప్రమాదం అక్కడే. నోరు తుడిచి, తడిసిన బట్టలు మార్చి, దగ్గు ఉన్నా లేకున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ సీసా కూడా వెంట తీసుకెళ్లండి. చూడటానికి బాగున్నా కొన్ని గంటలు పరిశీలనలో ఉంచాల్సి ఉంటుంది.

ఇక మీ చివరి ప్రశ్న. చెయ్యి రోలర్లలో ఇరుక్కుంటే ముందు ప్లగ్ పీకండి. చక్రం పూర్తిగా ఆగాక, మళ్లీ కదలకుండా చువ్వల మధ్య కట్టె అడ్డం పెట్టండి. చెయ్యి పట్టి లాగొద్దు. చక్రాన్ని వెనక్కి తిప్పి తీద్దామన్న తొందరా వద్దు, లోపలికి పోయేటప్పుడు నలిగిన చెయ్యి బయటికొచ్చేటప్పుడు మళ్లీ నలుగుతుంది. పై రోలర్‌ను పట్టి ఉంచే స్ప్రింగులు, బోల్టులు వదులు చేస్తే అది పైకి లేస్తుంది. ఆ సైజు స్పానర్ ఒకటి కొట్టంలోనే గోడకు వేలాడదీయండి, మరే పనికీ తీయొద్దు. మీరు ఇది చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టను మడిచి గాయం మీదే గట్టిగా నొక్కి, చేతిని గుండె కంటే ఎత్తులో పట్టుకోండి. బట్ట తడిసిపోతే తీయకుండా దాని మీదే ఇంకోటి వేసి నొక్కండి. పదే పదే తీసి చూడొద్దు. ఎంత నొక్కినా ఆగకుండా చిమ్ముతుంటే మాత్రమే గాయం మీద కాకుండా దానికి ఎగువన, గుండె వైపు, వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టి, కట్టిన టైమ్ కాగితం మీద రాసి పంపండి. సన్నటి తాడు, తీగ వాడొద్దు. కాఫీ పొడి, పసుపు, సున్నం పెట్టొద్దు. గడ్డి చామంతి ఆకు పసరు పిండటం మన ఊళ్లలో అలవాటే, చిన్న గీతకు ఏమోగానీ ఇలాంటి గాయంలో అది మేం గంటసేపు కడగాల్సిన చెత్త అవుతుంది. ఆపరేషన్ అవసరం కావొచ్చు కాబట్టి తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి.

తెగిన వేలు సంగతి జాగ్రత్తగా చదవండి. ఒకసారి ఒకాయన ఐస్‌క్రీమ్ డబ్బాలో ఐస్ ముక్కల మధ్య కూతురి వేలు పెట్టుకుని బస్సులో వచ్చారు. తెలివిగానే ఆలోచించారు పాపం. కానీ ఐస్ నేరుగా తగిలి వేలు గడ్డకట్టి పాడైపోయింది. పద్ధతి ఇదీ: వేలిని మంచినీళ్లతో మెల్లగా కడగాలి, రుద్దకూడదు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టాలి. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో వేసి నీళ్లు చొరకుండా గట్టిగా ముడేయాలి. ఆ కవర్‌ను ఐస్, నీళ్లు కలిపి పోసిన డబ్బాలో పెట్టాలి. ఇలా చల్లగా ఉంచితే వేలు దాదాపు 24 గంటల దాకా అతికించడానికి పనికి రావొచ్చు, చల్లగా లేకుంటే 12 గంటల లోపే. ముంజేతి లాంటి కండ ఉన్న భాగానికి అంత టైమ్ ఉండదు, ఆరు గంటలు దాటకూడదు. చర్మం పోగుతో వేలాడుతున్నదాన్ని తెంపకండి, అలాగే గుడ్డ చుట్టి తీసుకురండి. నలిగిపోయిందని మీకు మీరే తీర్మానించి పారేయకండి. పిల్లల్లో మేం పెద్దవాళ్లకు వద్దనుకున్న చోట కూడా ప్రయత్నిస్తాం. మైక్రోసర్జరీ చేసే ప్లాస్టిక్ సర్జన్ మీకు దగ్గర్లో ఎక్కడున్నారో ఇప్పుడే కనుక్కుని, ఆ నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి. ఆ రోజు వెతుక్కుంటూ నాలుగు ఆస్పత్రులు తిరిగితే ఆ గంటలన్నీ దారిలోనే పోతాయి.

కంటికి రాయి తగిలితే కడగొద్దు, నలపనివ్వొద్దు, చుక్కలు వేయొద్దు. కంటి మీద నొక్కకుండా పేపర్ కప్పు అడుగు భాగం అడ్డం పెట్టి ప్లాస్టర్ అంటించి కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. సైలెన్సర్ తగిలి కాలితే 20 నిమిషాలు కుళాయి కింద పెట్టాలి, టూత్‌పేస్ట్ రాయొద్దు.

పేడ, మట్టి ఉన్న చోట తగిలిన గాయానికి ధనుర్వాతం భయం ఎక్కువ. ఇద్దరి టీకా కార్డులూ ఒకసారి తీసి చూడండి. బాబుకు ఒకటిన్నర ఏడాదప్పటి డీపీటీ బూస్టర్ (ధనుర్వాతం నుంచి కూడా కాపాడే టీకా) పడిందా? ఐదేళ్లు నిండాక ఇంకోటి ఉంటుంది, అది ఇంకో ఆరు నెలల్లోనే. పాపకు పదేళ్లకు టీడీ టీకా వేస్తారు, అదీ ధనుర్వాతానికే. మీ ఊరి ఏఎన్ఎంకు ఇప్పుడే చెప్పి ఉంచండి, డబ్బులు ఏమీ ఇవ్వక్కర్లేదు.