ఇంజన్ మార్చే ముందు ఆ సన్న పైపు పీల్చి చూడండి

పాత కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) కారు లీటరుకు 10 కిలోమీటర్లే ఇస్తోంది, ట్యూనింగ్ చేయించాలా లేక కంప్యూటరు కొలత ప్రకారం పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ ఇంజన్ పెట్టించేయాలా అని అడిగారు. ఇంజన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. కార్బొరేటర్ మోసే నిందల్లో సగం దానివి కావు.

మా నాన్నగారి కారు ఊళ్లో బాగానే తిరిగేది, హైవే ఎక్కితే పెట్రోలు తాగేసేది. ఏ మెకానిక్ దగ్గరికెళ్లినా కార్బొరేటర్ విప్పడం, జెట్లు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ముక్కలు) ఊదడం, స్క్రూ అటూ ఇటూ తిప్పడం, అంతే. చివరికి ఒకాయన "ముసలి ఇంజన్ సార్, తీసేయండి, మంచి ఇంజెక్షన్ ఇంజన్ నేను చూసిపెడతా" అన్నాడు. బేరం దాకా వెళ్లింది. నాకు మనసొప్పక ఇంట్లోనే బానెట్ ఎత్తాను.

కార్బొరేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు స్పార్క్ పంచే భాగం) పక్కనున్న గుండ్రటి డబ్బీకి ఒక సన్న రబ్బరు పైపు వెళ్తుంది. కార్బొరేటర్ వైపు కొస ఊడదీసి నోటితో పీల్చాను. డబ్బీ లోపలి డయాఫ్రం అనే పల్చటి పొర బాగుంటే గాలి ఆగిపోవాలి, కొసకు నాలుక అడ్డం పెడితే అతుక్కుని ఉండాలి. నాకు మాత్రం అడ్డూ ఆపూ లేకుండా గాలి వస్తూనే ఉంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, మా తమ్ముణ్ణి పీల్చమని చూశాను. స్పార్క్ ఎప్పుడు పడాలో తేల్చే పాయింట్లు కూర్చునే ప్లేటు కదిలితే ఒట్టు. కొత్త డబ్బీ బిగించి మళ్లీ పీలిస్తే టక్కున తిరిగింది. ఆ తర్వాత హైవే మీద అదే వేగానికి యాక్సిలరేటర్ మునుపంత తొక్కాల్సిన పనే లేకపోయింది.

కారణం ఉంది. తేలిగ్గా తొక్కి నిలకడగా వెళ్లేటప్పుడు సిలిండర్లో పెట్రోలు, గాలి మిశ్రమం పలచగా (పెట్రోలు తక్కువగా) ఉండి నెమ్మదిగా మండుతుంది, కాబట్టి స్పార్క్ ఇంకా ముందే పడాలి. అలా ముందుకు జరిపేది ఈ వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బీయే. అది పోతే మంట ఆలస్యమై, పెట్రోలు వేడి సైలెన్సర్ గుండా వృథాగా పోతుంది. ఇదంతా చెబితే ఆ మెకానిక్ "అది లేకపోయినా బండి నడుస్తుంది కదా సార్" అన్నాడు. నడుస్తుంది. కానీ మైలేజీ కోసం వచ్చినవాడికి చెప్పే జవాబా అది? స్పార్క్ ఎప్పుడు పడుతోందో చూపే టైమింగ్ లైట్ పట్టుకునేవాళ్లే కరువైపోయారు.

ఇంకో దరిద్రం, మైలేజీ పేరు చెప్పి చిన్న మెయిన్ జెట్ వేయడం. గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. దానికంటే కాస్త పలచన చేస్తే లాభమే. మరీ చేస్తే పికప్ చచ్చిపోయి ఇంకా ఎక్కువ తొక్కుతారు, లోడు మీద ఇంజన్ వేడెక్కి వాల్వులు కాలిపోతాయి. పైగా ఇథనాల్ కలిపిన పెట్రోలు ఆ పలచనను ఇంకా పెంచుతుంది. దాన్ని పసిగట్టి సర్దుకోవడానికి కార్బొరేటర్‌కు సెన్సర్ లేదు పాపం.

లెక్క కూడా చూడండి. ఏడాదికి 5,000 కిలోమీటర్లు తిరిగితే ఇప్పుడు 500 లీటర్లు పోస్తున్నారు. ట్యూనింగ్‌తో 12కి చేరితే 417 లీటర్లు. కొత్త ఇంజన్ 14 ఇచ్చిందనుకున్నా 357. అంటే ఇంజన్ మార్చి అదనంగా మిగిల్చేది ఏడాదికి 60 లీటర్లు. దానికోసం అంత ఖర్చా?

ముందు ఇంజన్ వేడెక్కాక చోక్ (చల్లటి ఇంజన్‌కు గాలి తగ్గించే మూత) పూర్తిగా తెరుచుకుంటోందా, ఫ్లోట్ లెవెల్ (కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం) సరిగా ఉందా, పాయింట్ల గ్యాప్ ఎంతుంది చూడండి. జాకీ ఎత్తి చక్రాలు చేత్తో తిప్పండి. బ్రేకు పట్టుకుని ఉంటే ఏ ఇంజన్ పెట్టినా ఒకటే.

తర్వాత కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూపించండి. ఒక సిలిండర్ బాగా తక్కువ చూపిస్తే ప్లగ్గు రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే లోపం పిస్టన్ రింగులది, పెరగకపోతే చాలావరకు వాల్వులది. ఇవి కూడా బాగుచేసుకోవచ్చు. ఇక రీబోరుకు (అరిగిన సిలిండర్‌ను కాస్త పెద్దగా తొలవడానికి) బ్లాకులో చోటు లేదు, పార్టులు దొరకవు అన్నప్పుడు మార్చండి. అప్పుడు ఇంజన్ ఒక్కటే కొనకండి. గేర్‌బాక్సు, వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), ఆక్సిజన్ సెన్సర్, ట్యాంకులోని పంపు అన్నీ ఒకే కారువి తీసుకోండి. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఇంజన్ నంబరు మార్చడానికి ఒప్పుకుంటారో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి.