సాంచాలు మావి, నూలు మాది కాదు

వర్గాన్ని నిర్ణయించేది ఆదాయమా, ఆస్తియా, కులం బలంగా ఉన్న మన సమాజానికి మార్క్స్, జర్మన్ సమాజశాస్త్రవేత్త వెబర్ చెప్పిన సిద్ధాంతాలు ఎంతవరకు పనికివస్తాయి అన్నది మీ ప్రశ్న. నేను సిరిసిల్లలో ఒక ఆసామి ఇంట్లో పుట్టి పెరిగాను, ఆ తరువాత హైదరాబాదులో సమాజశాస్త్రంలో ఎం.ఏ. చేశాను. ఈ ప్రశ్న నాకు తరగతి గదిలో కంటే చాలా ముందే మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎదురైంది కాబట్టి అక్కడి నుంచే జవాబు చెబుతాను.

మిగతా ప్రాంతాల్లో మోతుబరి ఆసామి అంటే బాగా కలిగినవాడని అర్థం. సిరిసిల్లలో ఆ మాటకు అర్థం వేరు. నూలు కొని, బీములు, అంటే పడుగు నూలు చుట్టిన పెద్ద రోలర్లు, పట్టించి ఇచ్చేవాడు యజమాని. ఆ బీములను తెచ్చుకొని తన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయించి యజమానికి తిరిగి అప్పగించేవాడు ఆసామి. ఆసామికి మీటరుకు ఇంత అని కూలి ముడుతుంది. కరెంటు బిల్లు, సాంచాల రిపేరు, నడిపే కార్మికుల కూలి అన్నీ అతను అందులోంచే కట్టుకోవాలి. మాకు ఎనిమిది సాంచాలు ఉండేవి. పగలు 12 గంటలు ఒకరు, రాత్రి 12 గంటలు మరొకరు వాటిని నడిపేవారు. వాళ్లలో ఎవరైనా రాకపోతే ఆ పూట మా బాపే నిలబడేవాడు. మా అమ్మ వంట అయ్యాక కండెలు చుట్టేది. ఆమె పనికి ఏ లెక్కలోనూ పైసా పడలేదు, ఆ పనిని పని అని మేమెవరమూ అనలేదు కూడా.

యజమాని దగ్గర మా పేరు మీద అట్ట చిరిగిన ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉండేది. అందులో ఎడమవైపు ఇచ్చిన బీములు, కుడివైపు వచ్చిన మీటర్లు, కింద ఎర్ర ఇంకుతో డ్యామేజీ కింద కోసిన రూపాయలు రాసేవారు. బట్టలో పోగు తెగిన చోట వేలు పెట్టి చూపించి యజమాని మా బాపు కూలి కోసేవాడు. అదే సాయంత్రం మా బాపు అదే చోట వేలు పెట్టి చూపించి కార్మికుడి కూలి కోసేవాడు. నాకు అప్పుడు పదకొండేళ్లు. ఒకే మనిషి మధ్యాహ్నం చేతులు కట్టుకొని నిలబడటం, సాయంత్రం కుర్చీలో కూర్చోవడం నేను చూశాను.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఆస్తిని బట్టి చూస్తే మా బాపు పెట్టుబడిదారుడు, ఎందుకంటే ఉత్పత్తి సాధనం ఆయనది, దాని మీద కూలికి పనిచేసేవాళ్లు ఇద్దరున్నారు. ఆదాయాన్ని బట్టి చూస్తే నెలాఖరుకు ఆయనకు మిగిలేది కార్మికుడి కూలికి కాస్త అటూఇటుగా ఉండేది. మార్క్స్ సిద్ధాంతమంటే ఉన్నవాడు, లేనివాడు అని రెండు ముక్కలుగా విడదీయడమేనని అనుకునేవాళ్లు ఇక్కడ ఆయన ఓడిపోయాడంటారు. నేను ఒప్పుకోను. 1867లో వచ్చిన ఆయన పుస్తకం ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో ముక్కకింత అని ఇచ్చే కూలి మీద ఒక అధ్యాయం ఉంది. అలాంటి కూలి ఉన్నచోట కార్మికుడు తన మేలు కోసమేనని అనుకుంటూ పని గంటలనూ వేగాన్నీ తానే పెంచుకుంటాడని, పెట్టుబడిదారుడికీ కార్మికుడికీ నడుమ దళారులు పుట్టుకొస్తారని, పెట్టుబడిదారుడు ఇచ్చే కూలికీ కార్మికుడి చేతికి చేరే కూలికీ మధ్య ఉన్న తేడాయే వాళ్ల లాభమని మార్క్స్ అందులో వివరించాడు. ఆ పేజీలు మొదటిసారి చదివిన రాత్రి నాకు మా నోటుపుస్తకంలోని ఎర్ర ఇంకు కనబడింది. సాంచ ఎవరిదన్నది ఒక్కటే చూస్తే ఈ సంగతి దొరకదు. నూలు ఎవరిది, బట్ట అమ్మేది ఎవరు, సాంచ ఆగితే ముందుగా పొయ్యి ఆరేది ఎవరింట్లో అని చూడాలి. మార్క్స్ దృష్టిలో వర్గం మెట్టు కాదు, సంబంధం. మా బాపు ఒకేసారి రెండు సంబంధాల్లో ఉన్నాడు, ఒకదానిలో కింద, మరొకదానిలో పైన. ఇలా నడుమ ఇరుక్కున్న స్థానాలను అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఎరిక్ ఓలిన్ రైట్ పరస్పర విరుద్ధమైన వర్గ స్థానాలని పేర్కొని, వాటి మీద చాలాకాలం పనిచేశాడు. అసలు వర్గమంటే ఏమిటో చెప్పడానికి మార్క్స్ మొదలుపెట్టిన అధ్యాయం, ఆయన మరణానంతరం 1894లో ఆయన మిత్రుడు ఎంగెల్స్ అచ్చువేయించిన ‘పెట్టుబడి’ మూడవ సంపుటం చివర, ఒకటి రెండు పేజీలకే ఆగిపోయింది. కాబట్టి తరువాతివాళ్లకు పని మిగిలే ఉంది.

అయితే మార్క్స్ ఒక్కడితోనే సరిపోతుందని నేను అనను. మా యజమాని, మా బాపు, మా సాంచాలు నడిపే ఇద్దరూ పద్మశాలీలే. పెళ్లిళ్లకు ఒకే పంక్తిలో కూర్చొని తినేవారు. కార్మికుడు మా బాపును కాకా అని పిలిచేవాడు, మా బాపు యజమానిని మామా అని పిలిచేవాడు. ఒకసారి కూలి పెంచాలని కార్మికులు సమ్మె కట్టినప్పుడు మొదటి వారమంతా ఆసాములు వాళ్ల మీదే కోపం పెంచుకున్నారు. యజమాని ఇచ్చే రేటు పెరగకుండా తాము ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వాలన్నది వాళ్ల వాదన. రెండో వారానికి గానీ ఆసాములు కూడా బీములు తీసుకోవడం మానలేదు. అన్ని రోజులు ఎందుకు పట్టిందో చెప్పడానికి నాకు వెబర్ అక్కరకు వచ్చాడు. ఆయన వర్గాన్ని మార్కెట్లో మనిషికున్న అవకాశాలను బట్టి నిర్వచించి, గౌరవాన్ని బట్టి ఏర్పడే అంతస్తును దాని నుంచి విడదీశాడు. మామా అన్న పిలుపులో గౌరవమూ ఉంది, బంధుత్వమూ ఉంది, ఎదురు చెప్పలేనితనమూ ఉంది. ఆ పిలుపు కూలి రేటును మార్చలేదు గానీ, రేటు అడిగే నోటిని చాలాకాలం మూయించింది.

కులం గురించి వెబర్ కంటే అంబేద్కర్ నాకు ఎక్కువ నేర్పాడు. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని, అందులోనూ ఒకరి మీద ఒకరిని పేర్చిన విభజన అని ఆయన 1936లోనే రాశాడు. ఒకే కులంలో మూడు వర్గాలున్న మా షెడ్డును చూసి కులాన్ని పక్కన పెట్టేయవచ్చని అనుకోవద్దు. మా ఊళ్లోనే పద్మశాలి కాని పేదవాడికి సాంచ నడపడం నేర్పేవాడు, బీము నమ్మి ఇచ్చేవాడు దొరకడం ఎంత కష్టమో నేను కళ్లారా చూశాను. వర్గంలోకి అడుగుపెట్టే తలుపు దగ్గర కులమే కాపలా ఉంది.

మన భాష కూడా ఈ చిక్కును పెంచుతుంది. మధ్యతరగతి అన్నప్పుడు మన మనసులో ఉండేది ఆదాయపు మెట్టు. కార్మికవర్గం అన్నప్పుడు ఉండేది ఉత్పత్తిలో స్థానం. వెనుకబడిన తరగతులు, బలహీన వర్గాలు అన్నప్పుడు మాత్రం మనం మాట్లాడుతున్నది కులాల గురించే. ఎవరైనా వర్గం అన్నప్పుడు ఈ మూడింటిలో దేని గురించో ముందుగా అడగండి, సగం వాదనలు అక్కడే తేలిపోతాయి.

2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల నేతను సిరిసిల్లకు ఇచ్చినప్పుడు మా షెడ్డులో కార్మికుడి కూలి అంతకు ముందు ఎన్నడూ లేనంతగా పెరిగింది. కొనేవాడు మారితే బతుకు ఎంత మారుతుందో, మార్కెట్లో స్థానం గురించి వెబర్ అన్నది ఎంత నిజమో ఆ సీజనులో కనబడింది. ఆర్డరు అయిపోయిన నెలలో బీములు రాలేదు. సాంచాలు మావే, షెడ్డు మాదే, నేర్చిన చేతులూ ఉన్నాయి, అయినా చప్పుడు ఆగిపోయింది. ఆ నెల మా బాపు రోజూ పొద్దున్నే షెడ్డుకు వెళ్లి, తిరగని సాంచాలకు నూనె పెట్టి వచ్చేవాడు.