బూడిదరంగుకు తిరిగిన పడవ టేకు: ఎంత గీకాలి, ఏమి పూయాలి?

ప్రశ్న: 1970ల చివర తైవాన్‌లో తయారైన ఒక పాత తెరచాప పడవను మేము గత ఏడాది కొన్నాము. పైభాగంలోని టేకు కమ్మీలు, తలుపు చట్రం బూడిదరంగుకు తిరిగాయి. అక్కడక్కడ పాత వార్నిష్ పెచ్చులుగా లేస్తోంది. డెక్కు మీద కూడా టేకు పలకలే ఉన్నాయి. చెక్క పాడైపోయినట్లేనా? ఊళ్ళో మా సింహద్వారానికి ఏటా అవిసె నూనె పట్టించేవారు, దీనికీ అదే చాలదా?
– ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: ఆ రంగును చూసి చెక్క పాడైందని అనుకోనక్కరలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పోగులను పట్టి ఉంచే లిగ్నిన్‌ను విచ్ఛిన్నం చేస్తాయి, వాన దానిని కడిగేస్తుంది, మిగిలిన సెల్యులోజే బూడిదరంగుగా కనిపిస్తుంది. ఇదంతా పైపొరలో జరిగేదే. కింద చేవ పదిలంగా ఉంటుంది. అనుమానం ఉంటే అతుకుల దగ్గర, స్క్రూల చుట్టూ సన్నని మొనతో గుచ్చి చూడండి. మొన మెత్తగా దిగితే అక్కడ కుళ్ళు మొదలైనట్లు. ఆ కాలపు తైవాన్ పడవలలో టేకును ధారాళంగా వాడారు కనుక, వాటిని కొన్నవారికి అందంతోపాటు చాకిరీ కూడా దక్కుతుంది.

లేచిన వార్నిష్‌ను వేడిగాలి గన్నుతో మెత్తబరచి స్క్రేపర్‌తో తీయండి. పక్కనున్న ఫైబర్‌గ్లాసుకు ఆ వేడి తగలనివ్వకండి. తరువాత సబ్బునీళ్ళతో, మెత్తని బ్రష్‌తో, పోగులకు అడ్డంగా కడగండి. పోగుల వెంబడి గట్టిగా తోమితే వాటి మధ్యనున్న మెత్తని భాగం కొట్టుకుపోయి చెక్క చాళ్ళు తేలుతుంది. ప్రెషర్ వాషర్ చేసే హాని కూడా ఇదే. నల్లని మరకలు మిగిలితే ఆక్సాలిక్ ఆమ్లాన్ని నీళ్ళలో కలిపి పూసి, కాసేపటికి పుష్కలంగా నీళ్ళు పోసి కడిగేయండి. అది విషపదార్థం కనుక చేతి తొడుగులు, కళ్ళజోడు తప్పనిసరి. ఇనుప పీచు మాత్రం వాడకండి, ఎందుకంటే దాని తునకలు పోగులలో చిక్కుకుని తుప్పు చుక్కలవుతాయి.

చెక్క బాగా ఆరాక 80 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 120, ఆపైన 220 వరకు పోగుల వెంబడి రుద్దండి. తేనెరంగు బయటపడగానే ఆపేయాలి. స్క్రూలను కప్పే చెక్క బిరడాలు పలుచనయ్యేదాకా రుద్దితే అవి ఊడి, నీళ్ళు లోపలికి దిగుతాయి.

ఇక అవిసె నూనె సంగతి. చూరు నీడన ఉండే సింహద్వారానికి అది చక్కగా నప్పుతుంది కానీ, ఎండావానలకు నేరుగా తడిసే పడవ మీద బూజు పట్టి నల్లబడుతుంది, కొన్ని నెలలకే మళ్ళీ పూయవలసి వస్తుంది. తలుపులకు వేసే లక్క పాలిష్ సంగతి చెప్పనే అక్కరలేదు, అది నీళ్ళు తగిలితే తెల్లబడుతుంది. మీ కమ్మీలకు, చట్రానికి అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పడవ వార్నిష్‌నే నేను సూచిస్తాను. టేకులో సహజంగా ఉండే నూనె పూతను పట్టనివ్వదు కాబట్టి, ముందుగా అసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆవిరి కాగానే పని మొదలుపెట్టాలి. మొదటి పూతలో సగానికి సగం థిన్నర్ కలిపితే వార్నిష్ చెక్కలోకి ఇంకుతుంది. రెండవదానిలో నాలుగో వంతు చాలు. ఆపైన చిక్కగానే, మొత్తం ఆరు నుంచి ఎనిమిది పూతలు వేయండి. పూతకూ పూతకూ మధ్య సన్నని కాగితంతో తేలికగా రుద్దాలి. మీ ప్రాంతంలో జూలై, ఆగస్టు నెలలు ఇందుకు అనువైనవి. మంచు ఆరాక మొదలుపెట్టి, సాయంత్రపు చెమ్మ దిగేలోపు పూత ఆరేటట్లు చూసుకోండి. ఏటా ఒకటి రెండు పూతలు వేస్తూ ఉంటే మళ్ళీ మొదటికి రావలసిన పని ఉండదు.

డెక్కును మాత్రం బూడిదరంగులోనే ఉంచి, అప్పుడప్పుడు సముద్రపు నీటితో కడగండి. వార్నిష్ వేస్తే తడిసినప్పుడు కాలు జారుతుంది, ఉప్పు కాగితంతో రుద్దిన ప్రతిసారీ పలకల మందం తరుగుతుంది.

ఎక్కడైనా నూనె వాడితే, దానిని తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, అవి వాటంతట అవే అంటుకోవచ్చు. నీళ్ళలో ముంచి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.